ల్యాప్‌టాప్ కొనేటప్పుడు తర్వాత మార్చలేనివి ముందు చూస్కోండి

మా చెల్లి ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయిందంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేద్దామని కూర్చుని అడుగు మూత విప్పాను. 11 స్క్రూలు, వాటిలో రెండు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉన్నాయి, అన్నీ తీసి పాత ప్లాస్టిక్ కార్డుతో అంచు చుట్టూ మెల్లగా లేపి మూత ఊడదీసి చూస్తే లోపల ర్యామ్ స్లాట్ అనేదే లేదు. నల్లటి చిన్న బిళ్లల్లా నాలుగు చిప్పులు, మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేసి, అంటే ఊడకుండా అతికించేసి ఉన్నాయి. కొన్న రోజు అమ్మిన అతను చెప్పలేదు, మేమూ అడగలేదు, ఇప్పటికి 8 చాలు, కావాలంటే తర్వాత పెంచుకుందాం అనుకుని తీసేసుకున్నాం. మూత బిగించి, ఇంక దీన్ని పెంచడం కుదరదని తనకి చెప్పాల్సి వచ్చింది, ఆ మోడల్ చూసి పెట్టింది నేనే కాబట్టి ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పట్నుంచి ఎవరు ల్యాప్‌టాప్ గురించి అడిగినా ఒకటే చెప్తున్నా. ల్యాప్‌టాప్‌లో కొన్ని తర్వాత మార్చుకోవచ్చు, కొన్ని మార్చలేం. స్టోరేజ్ చాలా మోడల్స్‌లో పెద్దది వేస్కోవచ్చు, బ్యాటరీ పోతే కొత్తది వేయించుకోవచ్చు, విండోస్ కంపు కంపు అయిపోతే ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. కానీ స్క్రీన్, కీబోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, బరువు, పోర్టులు, సోల్డర్ చేసిన ర్యామ్, ఇవి మాత్రం కొన్న రోజు ఎలా ఉన్నాయో వదిలించుకునే రోజు దాకా అలాగే ఉంటాయి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేవేమో 1 టీబీ స్టోరేజ్, బ్యాగ్ ఫ్రీ, మౌస్ ఫ్రీ, ఆఫీస్ ఫ్రీ ఇలాంటివే, అంటే మనం ఎప్పుడైనా తెచ్చుకోగలిగేవి. అందుకని చేతిలో ఉన్న డబ్బు ముందు మార్చలేని వాటి మీద పెట్టండి, మిగిలితే మిగతా వాటి సంగతి చూడొచ్చు.

ముందు ఒక కాయితం తీస్కుని మీరు ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో పేర్లు రాయండి. బ్రౌజింగ్, చదువు, ఆఫీస్ పని అని పైపైన కాదు, కచ్చితంగా పేర్లు. ఎందుకంటే ఇక్కడే సగం మోడల్స్ ఎగిరిపోతాయి. సాలిడ్‌వర్క్స్ (మెషీన్ భాగాలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) కావాలంటే విండోస్ ఉండాల్సిందే, యాపిల్ వాళ్ల మ్యాక్‌లో రాదు. ఐఫోన్ యాప్స్ చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లో తప్ప ఎక్కడా నడవదు. 2024 నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి, బ్యాటరీ బాగుంటుంది, వేడెక్కడం తక్కువ, కానీ అవి ఆర్మ్ చిప్పులు, అంటే ఇంటెల్, ఏఎండీ చిప్పులకన్నా వేరే రకం, కొన్ని గేమ్స్, పాత ప్రింటర్ల డ్రైవర్లు, కాలేజీల్లో పరీక్షలకి వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిలో పనిచేయకపోవచ్చు. మీ లిస్టులో ఉన్న ప్రతి పేరుకీ ఆర్మ్ సపోర్ట్ ఉందని చూస్కున్నాకే దాని జోలికి వెళ్లండి. పిల్లల కాలేజీ కోసం అయితే డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లని అడగండి, ఏం వాడతారో వాళ్లకి తెలిసినట్టు అమ్మేవాళ్లకి తెలీదు.

ఇప్పుడు ర్యామ్. విండోస్‌కి 8 జీబీతో బండి నడుస్తుంది కానీ బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు, పక్కన వీడియో కాల్, వెనక ఎక్సెల్ ఉంటే నిండిపోతుంది, నిండాక స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడడం మొదలుపెడుతుంది, అప్పుడే మనకి అంతా ఈడుస్తున్నట్టు అనిపించేది. నాలుగైదేళ్లు వాడాలనుకుంటే 16 జీబీ తీస్కోండి. యాపిల్ కూడా 2024లో మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస ర్యామ్‌ని 8 నుంచి 16కి పెంచింది. మ్యాక్‌లో ర్యామ్ ఎలాగూ తర్వాత పెంచలేం కాబట్టి అక్కడ కొన్న రోజే తేల్చుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే స్లాట్ ఉందా, సోల్డర్ చేశారా, ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. డెమో పీస్ చేతికిస్తే మీరే చూస్కోవచ్చు, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, దాన్లో మెమరీ. కింద ఫామ్ ఫ్యాక్టర్ అనే చోట సోడిమ్ అని ఉంటే స్లాట్‌లో పెట్టిన ర్యామ్, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకి అతికించేసిన ర్యామ్. అర నిమిషం పని, నేను ఆ అర నిమిషం పెట్టి ఉంటే బాగుండేది. స్పెక్స్ కాయితంలో ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్ అని మొదలైనా అది దాదాపు ఎప్పుడూ సోల్డర్ చేసిందే. సోల్డర్ అంటే చెడ్డదని కాదు, సన్నగా ఉండే మంచి మంచి ల్యాప్‌టాప్‌లలో అదే ఉంటుంది, కాకపోతే 8 తీస్కుని తర్వాత చూద్దాం అనే మాట దానికి వర్తించదు. స్లాట్లు రెండు ఉండి ఒకటే నిండి ఉంటే రెండో దాంట్లో ఇంకోటి వేస్తే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని వాటిలో గేమ్స్‌కి ఆ తేడా బాగా తెలుస్తుంది.

స్క్రీన్ గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే రోజంతా చూసేది దాన్నే, అయినా కొనేటప్పుడు సైజు తప్ప ఇంకేం అడగం. ఫుల్ హెచ్‌డీ అన్న మాటతో ఆగొద్దు. అదే 1920 బై 1080 స్క్రీన్ రెండు ల్యాప్‌టాప్‌లలో పూర్తిగా వేరేగా ఉంటుంది. తక్కువ రకం వాటిలో స్పెక్స్‌లో 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. నిట్స్ అంటే వెలుగు ఎంత వస్తుందో చెప్పే కొలత, 250 అంటే గదిలో లైటు కింద పర్లేదు, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది. 300 ఉంటే సర్దుకోవచ్చు, 400 ఉంటే హాయి. ఎన్‌టీఎస్‌సీ అంటే స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత, 45 శాతం అంటే రంగులు పాలిపోయి ఉంటాయి, మా ఇంట్లో అలాంటిది ఒకటి ఉంది, ఫోన్‌లో మందార పువ్వు ఫొటో ఎర్రగా నిండుగా ఉంటే అదే ఫొటో ఆ ల్యాప్‌టాప్‌లో ఇటుక రంగులో కనిపిస్తుంది. ఫొటోలు, వీడియో ఎడిటింగ్, డిజైన్ ఏది చేసేవాళ్లైనా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) అని రాసి ఉన్నదే తీస్కోండి, మీరు ఆ స్క్రీన్ మీద సరిచేసిన రంగు ఇంకొకరి ఫోన్‌లో వేరేగా కనపడితే పడ్డ కష్టమంతా పోయినట్టే. చదవడం, కోడింగ్ మాత్రమే అయితే రంగుల సంగతి వదిలేసినా వెలుతురు సంగతి వదలొద్దు.

షోరూమ్‌లో ఒక పని చేయండి. తెల్ల పేజీ ఒకటి తెరిచి స్క్రీన్‌ని మెల్లగా వెనక్కి వంచి, మళ్లీ ముందుకి వంచి, పక్కకి జరిగి కూడా చూడండి. రంగులు తిరగబడి నెగెటివ్‌లా మారిపోతుంటే అది టీఎన్ ప్యానెల్, వదిలేయండి. ఐపీఎస్ అయితే ఎటు నుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఓలెడ్ అయితే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, సినిమాలకి చాలా బాగుంటుంది, కాకపోతే ఒకే బొమ్మ గంటల కొద్దీ కదలకుండా ఉండే పని అయితే ఏళ్లు గడిచాక మరక పడే అవకాశం ఉంది, ఇంకా కొందరికి ఓలెడ్ వెలుతురు తగ్గించినప్పుడు కళ్లు లాగుతాయి, అందుకని కొనేముందు బ్రైట్‌నెస్ బాగా తగ్గించి పది నిమిషాలు చదివి చూడండి. 1920 బై 1200 అని ఉంటే అది 16 బై 10 స్క్రీన్, ఎత్తు కొంచెం ఎక్కువ, పేజీలో ఇంకో రెండు మూడు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి, రాసే పని, చదివే పని ఉన్నవాళ్లకి నాకైతే ఇదే నచ్చుతుంది. 1366 బై 768 ఇంకా అక్కడక్కడా అమ్ముతున్నారు, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

ప్రాసెసర్ దగ్గర అందరూ మోసపోయేది పేరు చూసి. ఐ5 కన్నా ఐ7 గొప్పది అని అందరికీ నోటికి వచ్చేసింది, కానీ చూడాల్సింది ఆ తర్వాత వచ్చే నంబరు, చివర్లో వచ్చే అక్షరం. ఐ7 1255యూ, ఐ5 12450హెచ్ రెండూ 12వ జెన్ (అంటే 12వ తరం) ఇంటెల్ చిప్పులే. చివర యూ అంటే తక్కువ కరెంటుతో నడిచేది, బేస్ పవర్ 15 వాట్లు, ఈ ఐ7లో వేగంగా పనిచేసే పెర్ఫార్మెన్స్ కోర్లు (చిప్‌లో పని చేసే భాగాలు) రెండే. హెచ్ అంటే 45 వాట్లు, ఈ ఐ5లో పెర్ఫార్మెన్స్ కోర్లు నాలుగు. వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పని అరగంట సేపు ఆగకుండా నడిపితే ఆ ఐ5యే ముందుంటుంది. అలాగని హెచ్ అందరికీ కావాలా అంటే అదీ కాదు, ఎక్కువ రాయడం, మీటింగులు, బయట తిరగడం ఉన్నవాళ్లకి యూ చక్కగా సరిపోతుంది, వేడి తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

ఏఎండీ రైజెన్ 7000 సిరీస్ ఇంకా తికమక. రైజెన్ 5 7520యూ, 7530యూ, 7540యూ, మూడూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇందులో మూడో అంకె చూడాలి, అది లోపలి డిజైన్ ఏ కాలందో చెప్తుంది. 2 అంటే జెన్ 2 (ఇది ఏఎండీ డిజైన్ పేరు, ఇంటెల్ తరాల లెక్క కాదు), అంటే 2019లో వచ్చిన డిజైన్, పైగా నాలుగే కోర్లు. 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4, ఆ రెండింటిలోనూ ఆరేసి కోర్లు. పెట్టె మీద మూడింటికీ రైజెన్ 5, 7000 సిరీస్ అనే ఉంటుంది, లోపల తేడా ఏళ్లలో ఉంటుంది. ఇంటెల్‌లో కూడా 2023 చివర్నుంచి కోర్ అల్ట్రా అనే పేర్లు మొదలయ్యాయి, 2024లో అల్ట్రా లేకుండా ఉత్త కోర్ 5 120యూ అని వచ్చింది చూశారా, అది 13వ జెన్ డిజైన్‌కే కొత్త పేరు. చిప్ చెడ్డది కాదు, కానీ కొత్త టెక్నాలజీ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఒప్పుకోవద్దు. సెలెరాన్ లాంటి చవక చిప్పులు పిల్లలు పాఠాల వీడియోలు చూసుకోడానికి తప్ప నాలుగేళ్లు పని చేయించుకుందాం అంటే మొరాయిస్తాయి.

గ్రాఫిక్స్ కార్డు గేమ్స్, 3డీ, వీడియో ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లకే, మిగతా వాళ్లకి అది అనవసరపు బరువు, వేడి, ఫ్యాన్ గోల. కావాల్సిన వాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ని కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా పెట్టి అమ్మొచ్చు. పేరు అదే, పని మాత్రం చాలా తేడా. స్పెక్స్‌లో టీజీపీ అని రాసి ఉంటుంది, ఆ వాట్ల లెక్కే అది, అక్కడ రాయకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, ఎక్కడా చెప్పకుండా దాచారంటే తక్కువే అనుకోండి. చార్జర్ బరువు కూడా కలిపి మోసి చూడండి, గేమింగ్ ల్యాప్‌టాప్ 2.3 కేజీలు అని రాసి దాని అడాప్టర్ ఇంకో ముప్పావు కేజీ ఉన్నవి ఉన్నాయి, రోజూ భుజానికి తగిలించుకుని బస్సెక్కేవాళ్లకి ఆ ముప్పావు కేజీ వారం తిరిగేసరికి తెలిసొస్తుంది.

స్టోరేజ్ గురించి ఎక్కువ చెప్పను. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే స్టోరేజ్) ఉండాలి, అంతే. పాత హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్నది తీస్కోవద్దు, ఈఎంఎంసీ అని రాసి ఉంటే అది స్లో, పైగా సోల్డర్ చేసి ఉంటుంది. 512 జీబీ చాలామందికి చాలు. కొన్నాక చూస్తే విండోస్‌లో 476 జీబీయే కనిపిస్తుంది, ఎవరూ కొట్టేయలేదు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడితే విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది, తేడా అదే.

బ్యాటరీకి వాళ్లు చెప్పే గంటలు నమ్మొద్దు, అవి బ్రైట్‌నెస్ తగ్గించి ఒకే వీడియో నడిపించి కొలిచినవి. వాట్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత, అది ఎంతో చూడండి. మామూలు పనికి ల్యాప్‌టాప్ సుమారు 8 నుంచి 10 వాట్లు తాగుతుంది అనుకుంటే 42 వాట్ అవర్ బ్యాటరీకి నాలుగైదు గంటలు, 70 ఉంటే ఏడెనిమిది, ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఉన్నది 52.6 మాత్రమే, అయినా రోజంతా వచ్చేది ఆ చిప్ తక్కువ తాగుతుంది కాబట్టి. అంటే బ్యాటరీ సైజు, చిప్ రెండూ కలిపి చూడాలి.

పోర్టుల్లో టైప్ సీ అన్నీ ఒకటే అనుకుంటాం, కాదు. ఒకదాంట్లో చార్జింగ్ ఎక్కుతుంది, ఒకదాంట్లో మానిటర్‌కి బొమ్మ వెళ్తుంది, ఇంకోదాంట్లో ఫైళ్లు తప్ప ఏమీ వెళ్లవు. టైప్ సీతో చార్జ్ అవుతుందా అని సూటిగా అడగండి, అయ్యేదైతే చార్జర్ మర్చిపోయి ఊరెళ్లినా ఎవరో ఒకరి చార్జర్‌తో గడిచిపోతుంది. హెచ్‌డీఎంఐ, మామూలు యూఎస్‌బీ రెండు ఉంటే డాంగిళ్ల గొడవ ఉండదు.

కీబోర్డు మాత్రం స్పెక్స్ చదివి తెలుసుకునేది కాదు. నిలబడి కాకుండా కుర్చీ అడిగి కూర్చుని నోట్‌ప్యాడ్ తెరిచి ఒక పది లైన్లు గబగబా కొట్టండి. మధ్యలో నొక్కితే కీబోర్డు లోపలికి కుంగుతుందా, స్పేస్ బార్ మూలన నొక్కినా పడుతుందా, ఎంటర్, బాణం గుర్తులు వేలికి సరిగ్గా దొరుకుతున్నాయా, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరిపితే ఆగి ఆగి పోతుందా. మూత ఒక చేత్తో మూల పట్టుకుని తెరిచి చూడండి, స్క్రీన్ మెలి తిరుగుతుంటే మూత తిరిగే కీలు (హింజ్) దగ్గర కొన్నాళ్లకి పగులు వస్తుంది. ఎకౌంట్స్ చేసేవాళ్లు నంబర్ ప్యాడ్ ఉందో లేదో చూస్కోండి, 14 ఇంచుల్లో ఎక్కువగా ఉండదు.

మోడల్ పేరుతో ఆగకుండా పూర్తి మోడల్ నంబరు రాసుకోండి, డాష్‌ల తర్వాత వచ్చే అక్షరాలతో సహా. ఒకే పేరు కింద 250 నిట్స్ స్క్రీన్‌ది, 400 నిట్స్‌ది, 8 జీబీ సోల్డర్ చేసింది, స్లాట్లు ఉన్నది అన్నీ అమ్ముతారు. యూట్యూబ్‌లో రివ్యూ చేసినవాడికి ఇచ్చింది పై రకం, మన చేతికి వచ్చేది కింది రకం అయ్యే అవకాశం ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కేదే కొనండి, ఇంటెల్ అయితే 8వ జెన్ లేదా అంతకన్నా కొత్తది, రైజెన్ ల్యాప్‌టాప్ చిప్ అయితే దాదాపు 3000 సిరీస్ నుంచి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఆన్‌లో ఉండాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి, ఒక ఫైలు తయారవుతుంది, అందులో డిజైన్ కెపాసిటీ అని ఒకటి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఒకటి ఉంటాయి. మొదటిది 50 వేలు ఉండి రెండోది 30 వేలే ఉంటే నూటికి అరవై వంతులే మిగిలిందన్నమాట, కొత్త బ్యాటరీ ఖర్చు కూడా లెక్కలో వేస్కుని బేరం ఆడండి. మ్యాక్ అయితే అమ్మేవాడు మీ ఎదుటే ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అవ్వాలి, లేకపోతే అది మీ చేతిలో ఉన్నా మీది కాదు. ఏదైనా కంపెనీ ఉద్యోగులకి ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే రీసెట్ కొట్టి సెటప్ స్క్రీన్‌లో ఆ కంపెనీ లాగిన్ అడుగుతుందేమో చూసి అప్పుడే డబ్బు ఇవ్వండి.

కొత్తది ఇంటికి తెచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, ఒక గంట దానికి కేటాయించండి. పెట్టె మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్నది ఒకటేనా, టాస్క్ మేనేజర్‌లో ర్యామ్, ప్రాసెసర్ మీరు డబ్బు కట్టినవేనా చూడండి. తెలుపు, నలుపు, ఎరుపు బొమ్మలు ఒక్కొక్కటీ స్క్రీన్ నిండా పెట్టి చుక్కలేమైనా ఉన్నాయేమో దగ్గరగా చూడండి, నలుపు పెట్టినప్పుడు గదిలో లైటు ఆపేస్తే అంచుల్లోంచి వెలుతురు కారడం కూడా తెలుస్తుంది. ప్రతి పోర్టులో ఏదో ఒకటి గుచ్చి, ప్రతి కీ నొక్కి, కెమెరా, మైక్, స్పీకర్లు చూసి, ఇంట్లో వైఫై రౌటర్‌కి దూరంగా ఉన్న గదిలో కూడా నెట్ వస్తుందో చూడండి. తర్వాత ఒక అరగంట బరువైన పని ఏదైనా పెట్టి వదిలేయండి, ఫ్యాన్ చప్పుడు, అరచేతులు ఆనే చోట వేడి మీకు సర్దుకుపోయేలా ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. వారంటీ కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి మొదలైన తేదీ సరిచూస్కోండి, మీరు కొన్నదానికన్నా ముందు తేదీ కనపడితే బిల్లు పంపి మార్పించుకోవచ్చు. ఇవన్నీ అయ్యేదాకా పెట్టె, లోపలి థర్మాకోల్, చార్జర్‌కి చుట్టిన కవరు ఏదీ పారేయొద్దు.